గేటేసుకుని చేసే సర్వీసింగ్

“ఏమే అమ్మాయ్, కారు కింద ఏం పోగొట్టుకున్నావే, అట్టా దూరావు?”

జాహ్నవికి అత్తగారి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. పసుపు రాసిన మడమలు, వెండి మట్టెలు, నేత చీర అంచు. కారు కింద వెల్లకిలా పడుకుంటే మనుషులంతా ఇంతే ఎత్తు ఉంటారని ఆమెకు చిన్నప్పుడే తెలుసు. “ఏం పోలేదత్తయ్యా, ఇంజనాయిల్ మారుస్తున్నా,” అంది నవ్వాపుకుంటూ. పక్కన గొంతుక్కూర్చుని ఫోన్ లైటు పట్టిన కిరణ్ కూడా నవ్వాపుకుంటున్నాడు. స్పానర్ బోల్టు తలకు సరిగ్గా పట్టినప్పుడు వచ్చే ఆ చిన్న శబ్దం జాహ్నవికి ప్రాణం. మొండికేసిన బోల్టు ఒక్కసారి కిర్రుమని లొంగుతుంది. ఆ తర్వాత వేళ్ళతోనే తిప్పుకోవచ్చు. చివరి మరలో చెయ్యి చటుక్కున లాక్కోవాలి, లేదంటే మోచేతి దాకా మసే. ఆమె లాక్కుంది. నల్లటి నూనె జడలా ట్రేలోకి జారింది. గోరువెచ్చటి బోల్టు పిడికిట్లో మిగిలింది. పెళ్ళయిన మూడో నెల ఆదివారం పొద్దున, మొగుడు లైటు పట్టగా, అత్తారింటి వాకిట్లో ఇంత సంతోషం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

జాహ్నవి నాన్న విజయపురి సౌత్‌లో డ్యామ్ వాళ్ళ వర్క్‌షాపులో ఉద్యోగి. సెలవు రోజుల్లో ఆయన పాత స్కూటర్ విప్పితే, నట్లన్నీ సైజుల వారీగా సత్తు గిన్నెల్లో సర్దడం ఆమె పని. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. పెళ్ళికి ముందు గుంటూరులో ఒక వర్క్‌షాపులో శిక్షణ కూడా పొందింది. కాపురానికి వచ్చేటప్పుడు నాన్న ఒక ఎర్ర టూల్‌బాక్స్ చేతికిచ్చి, “సారె పెట్టడం మీ అమ్మ వంతు, ఇది నా వంతు,” అన్నాడు. నరసరావుపేటలో ఆ పెట్టెను చూసి అత్తగారు ప్రమీలమ్మ మంచం కిందకు నెట్టించింది.

అది బయటికి రావడానికి షోరూమ్ కారణం. వారంటీ ఎప్పుడో దాటిపోయినా నిక్షేపంలా తిరుగుతున్న కారును కిరణ్ సర్వీసింగ్‌కు తీసుకెళ్తుంటే జాహ్నవి కూడా బయల్దేరింది. అక్కడ టై కట్టుకున్న ఒక కుర్రాడు ఆమెకు అద్దాల గది చూపించి, “మేడమ్, మీరక్కడ కూర్చోండి, ఏసీ ఉంది, టీవీ ఉంది,” అన్నాడు. ఆమె కదల్లేదు. ఇంజన్ ఫ్లష్ అన్నాడు, థ్రాటిల్ క్లీనింగ్ అన్నాడు, ఏసీలో క్రిములున్నాయన్నాడు. “ఇంజన్ ఫ్లష్ ఇప్పుడెందుకండీ? నూనె గడ్డకట్టిందా, మీరు చూశారా?” అనడిగింది. ఆ కుర్రాడు ఆమె వైపు తల కూడా తిప్పకుండా, “సార్, మేడమ్‌కి మీరు చెప్పండి, కంపెనీ చెయ్యమంటుంది,” అన్నాడు. సారు అన్నిటికీ తలూపాడు. సాయంత్రం బిల్లు వచ్చింది. సామాన్ల కింద ఒక్క మాట, దానికెదురుగా సామాన్లన్నిటి కన్నా పెద్ద అంకె: లేబర్. మార్చామని రాసిన ఎయిర్ ఫిల్టర్‌లో, పొద్దున తాను చూసిన వేపాకే ఇంకా ఇరుక్కుని ఉంది.

“ఇవన్నీ నేను చేస్తా. ఇందులో మూడో వంతు కూడా అవదు,” అంది దారిలో. కిరణ్ నమ్మలేక నవ్వి, నవ్వి, చెరుకు రసం బండి దగ్గర కారాపాడు. “నిజంగానా? నా పెళ్ళాం మెకానిక్కా?” అని ఒకే గ్లాసులో రెండు స్ట్రాలు వేయించాడు. ఆ సాయంత్రం ఆమె అతన్ని ఎంత ప్రేమించిందో ఆమెకే తెలుసు.

అందుకే ఆ ఆదివారం. పని ముగిశాక కిరణ్ ఫొటో తీశాడు. తెరిచిన బానెట్, పక్కన వరసగా స్పానర్లు, వాటి మీద ఆమె చేతులు. మధ్యాహ్నం అతని స్టేటస్‌లో ఆ ఫొటో కనిపించింది. చేతులు లేవు. కింద ‘మన బండి, మన చేత్తో’ అని రాశాడు. “నా చేతులేవి?” అంది నవ్వుతూనే. “గాజులు కనిపిస్తున్నాయి జానూ, బాగుండదని కట్ చేశా.” ఆమె అప్పుడు నిజంగానే నవ్వింది. కొత్త కాపురంలో చాలా వాటికి ముందు నవ్వే వస్తుంది. అర్థం తర్వాత, నిదానంగా, గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది.

రెండోసారికి మామగారు సాంబశివరావు ఒక నియమం పెట్టాడు. ఆయన మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీ ఉన్న మనిషి, ఊళ్ళో రాజకీయం ఉన్న మనిషి. వాకిట్లో ఎప్పుడూ పేర్చి ఉండే నాపరాళ్ళనే జాహ్నవి మెట్లలా పరిచి, వాటి మీదకు కారు ముందు చక్రాలు ఎక్కించుకునేది. ఆయన అది చూసి మెచ్చుకోలుగానే తలూపి, “చానా తెలివైందిరా,” అన్నాడు. ఆ వెంటనే, “ఆ గేటేసుకుని చెయ్యమను. రోడ్డు మీద పొయ్యేవాళ్ళు చూస్తే సాంబశివరావు కోడల్ని షెడ్డులో పెట్టాడంటారు,” అన్నాడు. ఇనప గేటు పడింది. గడియ పడిన చప్పుడు కారు కిందకు కూడా బాగా వినిపించింది.

గేటు వేశాక లోపల పని పెరిగింది. మామగారి జీపు వచ్చింది. సత్తెనపల్లిలో ఉండే ఆడపడుచు కారు వచ్చింది. రాజుపాలెం నుంచి పెదమామగారి బండి, బ్రేకులు అరుస్తున్నాయని వచ్చింది. వాళ్ళు బండిని వాకిట్లో వదిలి, కుర్చీల్లో కూర్చుని, కాఫీ అడిగేవాళ్ళు. ఆ కాఫీ కూడా ఆమే పెట్టాలి. బ్రేకు మసి పోవడానికి శనగపిండితో చేతులు రుద్దుకుని, పాలు పొంగకుండా చూసి, గ్లాసులు అందించి, మళ్ళీ బండి కిందకు. “షోరూమోళ్ళు గొంతు కోస్తన్నారమ్మా, నువ్వుండబట్టి సరిపోయింది,” అనేది ఆడపడుచు. “నువ్వేమన్నా పరాయిదానివా, ఇంట్లో మనిషివేగా.” గొంతు కోయకుండా ఉండాలంటే ఇంట్లో మనిషి మెడ వంచాలన్నమాట. షోరూమ్ బిల్లులో అంత పెద్దగా కనిపించిన లేబర్ అనే మాట ఈ గేటు దాటి లోపలికి వచ్చేసరికి మాయమైపోతోంది. వంటకు లేదు, వడ్డనకు లేదు, మామగారి కాటన్ చొక్కాల గంజికి లేదు. ఇప్పుడు దీనికీ లేదు. మొన్నటి దాకా దొంగలా దాచుకుని తిన్న తాటి బెల్లం ముక్క లాంటి పనిని ఎవరో తీసుకెళ్ళి వంటింటి డబ్బాలో పోసి, రోజూ కొలిచి వాడుతున్నట్టయింది.

దసరాకు వారం ముందు గుంటూరు నుంచి లీలావతి మేడమ్ ఫోన్ చేసింది. పెళ్ళికి ముందు అక్కడి వర్క్‌షాపులో జాహ్నవికి పని నేర్పిన మనిషి. “ఇక్కడ ఖాళీ ఉంది. నీకైతే పరీక్ష కూడా అక్కర్లేదు. పండగ వెళ్ళాక సోమవారం వచ్చి చేరు. నీ చెయ్యి నాకు తెలుసు,” అంది. నీ చెయ్యి నాకు తెలుసు. ఆ మాటను జాహ్నవి రోజంతా చీర కొంగులో మూటలా ముడేసుకుని తిరిగింది. రాత్రి భోజనాల దగ్గర విప్పింది.

మామగారు ముద్ద ఆపాడు. “వర్క్‌షాపులోనా? ఊళ్ళోవాళ్ళ బండ్ల కింద మన ఇంటి కోడలు దూరుద్దా?”

“ఇంట్లోవాళ్ళ బండ్ల కింద దూరుతున్నానుగా మామయ్యా.”

“అది గేటు లోపల,” అంది ప్రమీలమ్మ, పప్పులో నెయ్యి వేస్తూ. “నీకిక్కడ ఏం తక్కువ చేశామే? తిండా, బట్టా?”

జాహ్నవి కిరణ్ వైపు చూసింది. చెరుకు రసం తాగిన కిరణ్, లైటు పట్టిన కిరణ్. ఇప్పుడు మాట్లాడతాడు. అతను నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. నిజంగానే ఆలోచిస్తున్న ముఖంతో, “నువ్వు అక్కడికెళ్తే మరి మన బండ్లు ఎవరు చూస్తారు జానూ?” అన్నాడు.

అతని గొంతులో కోపం లేదు. పనిమనిషి ఊరెళ్తానంటే అడిగినట్టు అడిగాడు. కోపమైనా ఉంటే ఆమె ఏడ్చేదేమో. ఏడుపు రాలేదు. వేడి ఇంజన్ మీద నీటి చుక్క పడినట్టు లోపల ఏదో సుయ్‌మని ఇంకిపోయింది.

దసరా నాడు బండ్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచారు. పీట మీద ఎర్ర గుడ్డ పరిచి, ఆమె స్పానర్లు, ఆమె రెంచీలు, ఆమె నాన్న ఇచ్చిన పెట్టె ఆయుధ పూజకు పెట్టారు. జాహ్నవి కుంకుమ భరిణె తీసుకుని వంగబోతే ప్రమీలమ్మ చెయ్యి పట్టుకుంది. “ఆయుధాలకు మగోళ్ళు పెట్టాలమ్మాయ్. నువ్వు పోయి గారెలు చూడు.” కిరణ్ పట్టు పంచెలో కూర్చుని, పధ్నాలుగో నంబరు స్పానర్‌ను తలకిందులుగా పెట్టి బొట్టు పెట్టాడు. పూజకు వచ్చిన చెన్నకేశవరావు మామగారికి రాజకీయాల్లో తోడు, పెద్ద నోరు. “ఏరా కిరణూ, స్టేటస్‌లో చూస్తన్నా, బండ్లన్నీ నువ్వే చేస్తన్నావంట! షోరూమోడి దగ్గర చానా తగలేస్తన్నానురా. రేపు నా బండి తెస్తా, ఒక చెయ్యెయ్యి,” అన్నాడు. కిరణ్ సిగ్గుపడుతున్నట్టు నవ్వి, “ఏదో సరదా బాబాయ్,” అన్నాడు. గారెల మూకుడు దగ్గర జాహ్నవికి ఒక సామెత గుర్తొచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది. సామెతలో కూడా ఇద్దరూ మగవాళ్ళే.

మర్నాడు పొద్దున్నే చెన్నకేశవరావు డ్రైవరు బండి వదిలి వెళ్ళాడు. గేటేశారు. జాహ్నవి కొత్త నూనె డబ్బా తెరిచి బానెట్ దగ్గర పెట్టింది. కిందకు దూరి, బోల్టు విప్పి, నల్ల నూనె చివరి చుక్క దాకా ఓపిగ్గా కార్చింది. బోల్టు తుడుద్దామని పిడికిట్లో పట్టుకుని ఇవతలికి వచ్చిందో లేదో, గేటు దబదబా మోగింది. “కిరణూ! నేనేరా! నువ్వు చేస్తంటే చూద్దామని వచ్చా!”

కిరణ్ ముఖం పాలిపోయింది. “లోపలికెళ్ళు,” అన్నాడు గొంతు తగ్గించి. ఆమె చేతిలోంచి స్పానర్ లాక్కున్నాడు. ఇస్త్రీ చొక్కా మీదే బండి కిందకు సగం దూరి, మళ్ళీ లేచి, బుగ్గకు కాస్త మసి రాసుకున్నాడు. నూనె ట్రేను కాలితో దూరంగా నెట్టాడు. “నేను చూసుకుంటా. ఇంకేముంది, కొత్త నూనె పొయ్యడమేగా?”

ఆమె నోరు తెరిచింది. పిడికిలి కూడా తెరిచేదే. “వెళ్ళవే! బాబాయికి కాఫీ పట్రా,” అన్నాడు.

పెళ్ళయ్యాక అతను తనను ‘వే’ అనడం అదే మొదలు. జాహ్నవి నోరు మూసుకుంది. పిడికిలి కూడా. వంటింట్లోకి వెళ్ళి, పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీ దగ్గర నిలబడింది. చెన్నకేశవరావు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కిరణ్ చొక్కా చేతులు మడిచి, డబ్బా ఎత్తి, తేనె రంగు కొత్త నూనెను పురోహితుడు నెయ్యి పోసినంత శ్రద్ధగా ఇంజన్‌లోకి పోస్తున్నాడు. “చూశావా బాబాయ్, తొందరపడకూడదు, నిదానంగా పొయ్యాలి.” పైన నిదానంగా పోస్తున్నాడు. కింద అంత నిదానంగానూ కారుతోంది. నాపరాళ్ళ మీద పాకి, సందుల్లోకి దిగి, నిన్న ప్రమీలమ్మ వేయించిన రంగుల ముగ్గులో పద్మం దాకా వచ్చింది.

“ఏందిరా అది? పోసింది పోసినట్టే కారతంది!” చెన్నకేశవరావు కాళ్ళు పైకి లాక్కున్నాడు. “ఒరేయ్, ఇంజను చిల్లి పెట్టావేందిరా!”

మామగారు పరిగెత్తుకొచ్చాడు. ప్రమీలమ్మ ముగ్గును చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కిరణ్ ఒక అంగలో వంటింటి గుమ్మంలోకి వచ్చిపడ్డాడు. “బోల్టేదే? బోల్టెక్కడ పెట్టావు?”

పాలు పొంగుతున్నాయి. జాహ్నవి స్టవ్ కట్టేసింది. అతని వెనకే నడిచి వాకిట్లోకి వచ్చింది. అందరూ చూస్తుండగా అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో బోల్టు పెట్టి, ఒక్కొక్క వేలే మడిచి మూసింది.

“ఎటు తిప్పితే బిగుస్తుందో తెలుసా?”

కిరణ్ చెన్నకేశవరావు వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు.

“ఏంది, అమ్మాయి చేసేదా ఇదంతా?” అన్నాడు చెన్నకేశవరావు.

“చూస్తా నిలబడ్డావేమే! పోయి అదేదో బిగించు!” అని అరిచింది ప్రమీలమ్మ. “పరువు పోతంది!”

జాహ్నవి నూనెలో కాలు పడకుండా, కుచ్చిళ్ళు పైకెత్తి, పీట దగ్గరకు వెళ్ళింది. నిన్నటి బొట్లు చెరగని స్పానర్లను ఒక్కొక్కటే పైట చెంగుతో తుడిచి ఎర్ర పెట్టెలో సర్దింది. పధ్నాలుగో నంబరు స్పానర్ కిరణ్ దగ్గరే ఉంది. చెయ్యి చాపింది. అతను ఇచ్చేశాడు. పెట్టె మూత టక్కున పడింది. ఎంత బాగుందో ఆ చప్పుడు.

“సోమవారం నుంచి నేను గుంటూరు వెళ్తున్నా,” అంది. “బండి చూపించుకోవాలంటే అక్కడికి తీసుకురండి బాబాయిగారూ. లేబర్ పడుతుంది.”

ఆ తర్వాత నడుచుకుంటూ వెళ్ళి, గడియ తీసి, గేటు రెండు రెక్కలూ గోడకు ఆనేదాకా తెరిచింది.