ఓడ దిగని ఇంటిపేరు

కిటికీ అద్దానికి చెమట పట్టింది.

లోపల కాదు. బయట.

ఆగస్టులో కువైట్ తీరాన ఈ ఫింటాస్ అంతే. తూర్పుగాలి తిరిగిందంటే సముద్రం లేచి వచ్చి మేడల మీద కూర్చుంటుంది. లోపల ఏసీ చలి. బయట ఉప్పు ఆవిరి. నడుమ అద్దం — నిలువునా కారుతున్న నీళ్ళు.

కుముదిని అద్దానికి అరచెయ్యి ఆనించింది. లోపలి నుంచి తుడిస్తే పోయే తడి కాదు అది.

ఆమె వెనక, భోజనాల బల్ల మీద, ఒక నగరం తయారవుతోంది.

డర్బన్.

లాప్‌టాప్ తెర మీద దక్షిణాఫ్రికా తీరం. కొడుకు వెంకీ వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఇదిగో బీచ్. ఇదిగో రేవు. ఈ మెరక దిగితే ప్రెనీషా వాళ్ళ ఇల్లు. అక్టోబరులో వెళ్తే బాగుంటుందట. అప్పుడు అక్కడ వసంతం. వీధుల నిండా జకరండా పూలు రాలతాయట. ఊదారంగు. కార్లు ఆ పూల మీదుగానే వెళ్తాయట.

"ఆశ్వయుజంలో వసంతం ఏంట్రా," అన్నాడు అనంతరామ్. షుఐబా ప్లాంటులో డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు.

"వాళ్ళు భూమికి అడుగున ఉన్నారు నాన్నా. అన్నీ తలకిందులే."

"అయితే ఆవకాయ ఎప్పుడు పెడతారు? పుష్యమాసంలోనా?"

నవ్వులు.

కుముదిని కూడా నవ్వింది. పెదవులతో.

వాళ్ళిద్దరికీ అది వసంతం చూసే ప్రయాణం. ఆమెకు కాదు. ఆమె ఒక పేరు వెతకడానికి వెళ్తోంది. దొరకకపోతే భయం. దొరికితే... ఇంకా భయం.

ప్రెనీషా నాయిడూ.

ఇక్కడే ఒక ఇంగ్లీషు బడిలో లెక్కలు చెబుతుంది. సాయంత్రాలు ఫింటాస్ ఒడ్డున నడిచేది. వెంకీ ఎదురుగా నడిచి వచ్చేవాడు. కొన్నాళ్ళకు ఇద్దరూ ఒకే వైపు నడవడం మొదలుపెట్టారు. మంచి పిల్ల. ఇంటికి వచ్చిన మొదటి రోజే వంటింట్లో దూరి, గిన్నె మూత తీసి, వాసన పీల్చి, ఇది మా అవ్వ వంట అంది. ఇంగ్లీషులో. తెలుగు రాదు. ఆ ఒక్క మాటే వచ్చు — అవ్వ.

ఇంటిపేరు అడిగితే నాయిడూ అంది.

అది కాదమ్మా. ఇంటిపేరు.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఇంకో పేరు కూడా ఉంటుందా ఆంటీ?

ఉండేది. ఎప్పుడో. వాళ్ళ తాతకి తాతకి. చెరుకు నరికే పనికి మన తీరంలో ఓడ ఎక్కినవాడికి. అవతల రేవులో గుమాస్తా ఒక్క పేరే రాసుకున్నాడు. మిగిలిన పేరు...

మిగిలిన పేరు ఓడ దిగలేదు.

ఈ సంగతి వెంకటేశ్వరి వదినకు చెప్పక తప్పలేదు. అనంతరామ్‌కు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఉండేది విజయవాడలో. ఏలేది ఫోన్లో కువైట్‌ని. అక్క గీసిన గీత అనంతరామ్ దాటడు. ఇంతవరకూ దాటలేదు.

"పిల్ల ఏ దేశందైతే నాకేంటే," అంది వదిన. "కానీ మన నీలంపాటి వాళ్ళల్లోంచి కూడా ఇద్దరు ఓడెక్కి పోయారంట. మా తాత చెప్పేవాడు. ఈ పిల్ల వాళ్ళ తాలూకైతే? వీడికి చెల్లెలవుద్ది. చెల్లెలికి తాళి కట్టిస్తావా?"

కుముదిని ఫోను ఇంకో చెవికి మార్చింది.

"వెళ్ళి కనుక్కో. వేరే వాళ్ళని తేలితే పసుపు నేనే కొడతా. తేలకపోతే మాత్రం వద్దు. తమ్ముడికి నేను చెప్పుకుంటా."

వెంకీకి ఇదేమీ తెలియదు. అనంతరామ్‌కు తెలుసు. తెలిసీ, నువ్వు వెళ్ళి చూడు కుముదినీ, అని చేతులు దులుపుకున్నాడు.

అందుకే —

"టిక్కెట్లు తీసేద్దామా అమ్మా?"

"రేపు."

"ఇవాళైనా తీద్దామా?"

"రేపు చూద్దాంలే."

"యల్లా అమ్మా, త్వరగా, సీట్లు అయిపోతాయి."

రేపు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం ప్రెనీషా వచ్చింది. సోఫాలో కుముదిని పక్కన చేరి డర్బన్‌కి వీడియో కలిపింది.

తెర నిండా ఒక నుదురు. తర్వాత ఒక కన్ను. తర్వాత నెమ్మదిగా ముఖమంతా — ముడతలు, ముక్కుపుడక, వెనకాల తెల్లటి ఎండ.

ప్రెనీషా నాన్నను కన్నతల్లి. బుల్లెమ్మ.

"ఏటమ్మా, బాగున్నావా," అంది తెరలోంచి.

కుముదినికి ఒళ్ళు జలదరించింది. పాత తెలుగు. పెట్టె అడుగునుంచి తీసిన చీర లాంటి తెలుగు. మడతల దగ్గర చిరిగింది. రంగు మాత్రం పోలేదు.

ఇప్పుడే అడగాలి.

అడిగేసింది. "మీ ఇంటిపేరు ఏంటండీ, పెద్దమ్మగారూ?"

"తెల్దమ్మా. మా మావని అడిగేను. ఆయనకీ తెల్దు. ఆల బాబుకీ తెల్దంట."

అంతే.

తలుపు మూసుకుంది. ఇక అక్టోబరు అక్కర్లేదు. డర్బన్ అక్కర్లేదు. వెతకవలసిన పేరు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.

పక్కన ప్రెనీషా ఒక్క ముక్క అర్థం కాకుండా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వుతోంది. ఆ నవ్వు వైపు కుముదిని తల తిప్పలేకపోయింది.

"పేరుదేటుంది గానీ," అంటోంది బుల్లెమ్మ, "ఇక్కడికొచ్చి ఏటి తింటారో సెప్పు. ఉండు, మా దొడ్డి సూపిత్తాను."

తెర ఊగింది. ఆకాశం. తీగ మీద ఆరేసిన బట్టలు. అరటిచెట్టు. ఒక ముసలి పాదం. కొత్తగా తాళ్ళు కట్టిన పందిరి. పందిరి కింద తడిపిన మట్టి... చిన్న చిన్న గుట్టలు.

"ఇదిగో, పొట్లపాదు. నిన్ననే ఇత్తు పెట్టేను. మీరొచ్చీసరికి పిందెలు దిగుతాయి. కొసకి రాయి కట్టాల. నేకపోతే పావులాగ సుట్టుకుపోద్ది."

పొట్లపాదు.

కుముదిని తెర మీదికి వంగింది.

నీలంపాటి వాళ్ళకు పొట్లకాయ అచ్చిరాదు.

ఎందుకో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో పాదు పెట్టారట. ఇంట్లో ఏదో జరిగిందట. అంతే. పెరట్లో వెయ్యరు. ఇంట్లో వండరు. పొరుగువాళ్ళు పెట్టినా పుచ్చుకోరు. కాపురానికి వచ్చిన రోజున వదిన చెప్పిన మొదటి మాట అదే. పుట్టింట్లో పొట్లకాయ పెరుగుపచ్చడంటే ప్రాణం పెట్టే కుముదిని ఆ రోజు నుంచి దాన్ని ముట్టలేదు. ఇక్కడి మలయాళీ కొట్లో కూడా ఆ బుట్ట దగ్గర ముఖం తిప్పుకుని నడుస్తుంది.

"ఆ విత్తనం... ఆ విత్తనం ఎక్కడిది పెద్దమ్మగారూ?"

"మా అత్త ఇచ్చింది. ఆమెకి ఆలత్త. ఈ ఇంటికొచ్చిన ప్రెతీ కోడలికీ అత్త సేతి ఇత్తే. మొట్టమొదట ఓడెక్కినామె కొంగున కట్టుకొచ్చిందంట."

"మీ అత్తగారు తినేవారా?"

"తినక, సూత్తా కూకుంటాదా? పిచ్చిదానివా ఏటి నువ్వు?"

కుముదిని నవ్వింది. ఈసారి పెదవులతో కాదు. కడుపులోంచి. నవ్వుతూనే ఉంది... కళ్ళు కారుతూనే ఉన్నాయి.

అత్త చేతి నుంచి కోడలి చేతికి. ఆమె చేతి నుంచి మరో కోడలికి. నీలంపాటి ఇంట్లో అయితే ఏ అత్తా ఇవ్వని విత్తనం. ఏ కోడలూ పట్టని విత్తనం.

పేరు పోయింది. వంట మిగిలింది.

"ఏమైంది ఆంటీ?" ప్రెనీషా భుజం పట్టుకుంది.

"ఏం లేదమ్మా. మీ అవ్వ నన్ను తిట్టింది."

విజయవాడకు ఫోను.

వదిన అంతా విన్నది.

"పాదు పెట్టారా?"

"పెట్టారు వదినా."

"కోడళ్ళకి ఇచ్చుకుంటూ వచ్చారా?"

"అందరికీ."

"అయితే మనవాళ్ళు కాదు."

మనవాళ్ళు కాదు. ఆ మాట ఎంత చల్లగా ఉందో. చెవిలోంచి గొంతులోకి, గొంతులోంచి గుండెలోకి దిగిన చల్లదనం.

పక్క గదిలో వెంకీ, ప్రెనీషా జకరండా వీధులు వెతుక్కుంటున్నారు. కోల్పోబోయింది ఏమిటో వాళ్ళకు తెలియదు. తెలియనక్కర్లేదు.

"వదినా, అక్కడ మనకి ఆ కూరే వడ్డిస్తే?"

"వడ్డిస్తే తిను. నేనొచ్చినా తింటా. నాకూ ఒక టిక్కెట్టు తియ్యమను, వసంతం అంట గదా." వదిన గొంతులో ఎన్నడూ లేని తేలిక. "సముద్రం దాటాక ఇంకా ఆ పట్టింపులేంటే?"

ఫోను పెట్టేశాక కుముదిని అక్కడే నిలబడిపోయింది.

సముద్రం దాటాక...

ఓడెక్కినామె. కొంగున విత్తనం ముడేసుకున్నామె. ఆ విత్తనం ఏ ఇంటిది? అత్తింటిదా? లేక... పుట్టింటిదా? నాలాగే నీలంపాటి ఇంటికి కాపురానికొచ్చి, ఇష్టమైన కాయను వదులుకున్న కోడలేనేమో. వద్దనే ఆడపడుచు ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. అచ్చిరాదని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేని నేల. తొలి వసంతం. తడిపిన మట్టి.

ఆమె ఏం చేసి ఉంటుంది?

నేనైతే ఏం చేసేదాన్ని?

కుముదినికి నోరూరింది.

ఎవరితోనూ అనలేదు. అనదు. కొన్ని ప్రశ్నలకు సముద్రమంత చోటు కావాలి. వాటిని అక్కడే ఉండనివ్వాలి.

"అమ్మా," అని పిలిచాడు వెంకీ, "టిక్కెట్లు?"

"తీసెయ్ రా. పెద్దత్తకి కూడా."

"నిజంగానా?"

"ఖలాస్. తీసెయ్."

బాల్కనీ తలుపు తోసింది. తడిగాలి ముఖానికి తగిలింది. ఉప్పు. ఆవిరి. కనబడని సముద్రం. నుదుటి మీద పట్టింది చెమటో, గాలి తెచ్చిన తడో — తుడుచుకోలేదు.

ఆ నీళ్ళకు ఎక్కడో అవతల, తడిపిన మట్టి కింద, ఏ ఇంటిదో తెలియని విత్తనం...

ఇంకా మొలవలేదు.