తట్టెడు మన్ను

యుద్ధం నాటి బొగ్గు బస్సు మదనపల్లెలో బయల్దేరి పుంగనూరు చేరేసరికి జ్ఞానప్రకాశం తెల్లకోటు సగం నల్లబడింది. కండక్టరు ఎందుకో జాలిపడి పొగ తగలని వైపు కూర్చోబెట్టాడు కాబట్టి ఆ సగమైనా మిగిలింది. ఈమధ్య ఆయనకు ఇలాంటి చిన్న దయలు బాగా గుర్తుంటున్నాయి. భార్య హన్నా పోయి పదమూడు నెలలైంది. ఇంట్లో రెండో కంచం పెట్టెలోకి పోయింది. మాట్లాడాలంటే కాలేజీలో పాఠం చెప్పాలి, లేదా వెయ్యేళ్ళ కిందటి రాజులతో మాట్లాడుకోవాలి.

రాజులతో ఆయనకు పదకొండేళ్ళ సావాసం. ఈ సీమను ఏలిన బాణులు, నొళంబులు, వైదుంబులు, ఆ తర్వాత చోళులు, విజయనగరం వాళ్ళు, చివరికి పాలెగాళ్ళు, అందరి వంశాలూ వరుసగా చెప్పే పుస్తకం ఒకటి రాస్తున్నాడు. కుప్పం నుంచి బి.కొత్తకోట దాకా చేలగట్ల మీద నిలబడిన రాళ్ళకు తడికాగితం అతికించి, బ్రష్షుతో కొట్టి, మసి అద్ది, అక్షరాల అచ్చు తెచ్చుకునేవాడు. కాగితం అంచు గాలికి లేవకుండా హన్నా మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకునేది.

పుస్తకం ఒక్కచోట తప్ప పూర్తయింది. వైదుంబుల అధ్యాయంలో ఒక రాజు యుద్ధంలో పడిపోయాక ఎవరు ఏలారో తెలియలేదు. అక్కడ వేలెడు ఖాళీ వదిలాడు. ఆ సంగతి చెప్పే రాయి పెద్దపంజాణి దోవలో ఒక పల్లె చివర ఉంది. పైన కత్తి ఎత్తిన వీరుడి బొమ్మ, కింద నాలుగు వరుసల అక్షరాలు. రాజు పడ్డాడు, పక్కనే ఒక సేవకుడు పోరాడి పడ్డాడు, ఆ సేవకుడి ఇంటివాళ్ళకు రాజు కొడుకు చేను ఇచ్చాడు. కొడుకు పేరు ఉండాల్సిన అయిదో వరుస మట్టిలో ఉంది. మూడేళ్ళ కిందట ఇద్దరూ వచ్చినప్పుడు చేలో ఎవరూ లేరు, పొద్దు వాలుతోంది. తవ్వి చూద్దామండీ అంది హన్నా. మళ్ళీ వద్దాంలే అన్నాడాయన.

ఇప్పుడు అచ్చాపీసు వాళ్ళు, కాగితం దొరకడమే కష్టంగా ఉంది, ఈ నెలాఖరుకు రాతప్రతి అందకపోతే మా వల్ల కాదని రాశారు. అందుకే తహశీల్దారు చేత తవ్వకానికి అనుమతి కాగితం రాయించుకుని, జేబులో పెట్టుకుని వచ్చాడు. ఊరి తలారి గురప్ప గడ్డపార భుజాన వేసుకుని ముందు నడిచాడు.

"రాజులు సచ్చి వెయ్యేండ్లయినా మన సేత మన్ను తవ్విస్తానే ఉండారు సూడు, అయ్యోరా" అని నవ్వాడు గురప్ప.

రాయి మొదట్లో మట్టి మోకాలెత్తున, పేడతో అలికి నున్నగా ఉంది. గడ్డపార చూడగానే వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ముసలామె ఒకతె లేచి వచ్చి, ఆ దిబ్బ పక్కనే కూర్చుంది. ఆమె పేరు మారెమ్మ అని, కూలికి పోయే ఇళ్ళలో పెద్దదని గురప్ప చెప్పాడు.

"ఆడ తవ్వగాకప్పా" అంది మారెమ్మ.

ఎందుకని అడిగితే నింపాదిగా చెప్పింది. తమ పన్నెండిళ్ళలో ఎవరు పోయినా నాలుగో దినం ఇంటివాళ్ళు, పోయినవాళ్ళు పని చేసిన చోటి మన్ను తట్టెడు తెచ్చి ఈ రాయి మొదట్లో పోస్తారు. వాళ్ళ సమాధులకు రాళ్ళు లేవు, పేర్లు రాసే వాళ్ళూ లేరు. అన్నీ ఇక్కడే. పైన ఉన్నది మొన్న కార్తీకంలో పోయిన మొగుడు మునెయ్య. దాని కింద అత్త. ఆ కింద చెరుకు గానుగ దగ్గర పోయిన మరిది. దాని కింద మామ, మామ తండ్రి, గత్తర జబ్బు వచ్చిన ఏడు ఒక్క వారంలో పోయిన ముగ్గురు. వేలు కిందికి దింపుకుంటూ, ఎక్కడా తడుముకోకుండా ఆరు తరాలు చెప్పింది. జ్ఞానప్రకాశానికి వైదుంబుల్లో నాలుగు తరాలు ఇంత గట్టిగా తెలియవు.

"సర్కారు కాగితం ఉండాది మేయ్" అన్నాడు గురప్ప.

"ఉంటే తవ్వుకోమను. నా మునెయ్యను తీసి యాడ పోస్తాడో సెప్పి తవ్వమను."

జ్ఞానప్రకాశం చెయ్యి జేబులోకి పోయి, ఉత్తదే బయటికి వచ్చింది. మారెమ్మ ఆయన్ను కిందినుంచి పైకి చూసింది.

"కోటుకు రెండు గుండీలు లేవే. యాల, ఇంట్లో ఆడమనిషి లేదా?"

లేదన్నాడు. ఆ తర్వాత పాదిరిగారికి కూడా చెప్పనిది, చేలగట్టు మీద కూర్చుని ఆమెకు చెప్పాడు. హన్నాకు హఠాత్తుగా జ్వరం ముదిరినప్పుడు తాను కుప్పం అవతల ఒక పల్లెలో రాయికి కాగితం అతికిస్తున్నాడు. తంతి కుప్పం పోస్టాఫీసులో రెండురోజులు పడి ఉంది. పలమనేరు మీదుగా బస్సులు మారి మూడోనాడు ఇల్లు చేరేసరికి గోరీ మీద మట్టి ఎండిపోయింది.

"వచ్చినవాళ్ళంతా తలా గుప్పెడు మన్ను వేశారంటమ్మా. నేనే వెయ్యలేదు."

మారెమ్మ లేచింది. చేలోకి పోయి, తట్టలోని కలుపు గట్టు మీద గుమ్మరించి, ఖాళీ తట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆయమ్మ పని సేసిన తావు మన్ను కావల్ల" అంది. "దూరమైతే ఇంగో దినం తీసకరా."

దూరం కాదు. రాయికి కుడివైపు, రెండడుగుల ఇవతల, హన్నా కాగితం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న చోటు ఆయనకు బాగా తెలుసు. పాదిరిగారు అడిగితే ఏం చెప్పాలా అనుకున్నాడు. అడిగినప్పుడు చూసుకోవచ్చనుకున్నాడు. గురప్ప గడ్డపారతో గట్టినేల కాస్త వదులు చేసి, పక్కకు జరిగాడు. జ్ఞానప్రకాశం చేతులతోనే తట్ట నింపి, రాయి మొదట్లో, మునెయ్య మీద పోశాడు. మారెమ్మ అరచేత్తో సర్దింది. రాజు కొడుకు చేను ఇచ్చాడన్న నాలుగో వరుస కూడా మన్ను కిందికి పోయింది.

"పేరు?" అంది మారెమ్మ.

"హన్నా."

"అన్నమ్మ" అని తన నోటికి వచ్చినట్టు పలికి, మునెయ్య తర్వాత అన్నమ్మ అని రెండుసార్లు తనలో తాను అనుకుంది.

సాయంత్రం బస్సులో మదనపల్లె తిరిగి వచ్చాడు. గోళ్ళలో ఎర్రమన్ను అలాగే ఉంది. దీపం వెలిగించి వైదుంబుల అధ్యాయం తీశాడు. వేలెడు ఖాళీలో ఇలా రాశాడు: "ఈ రాజు కొడుకు పేరు శాసనం కింది భాగంలో ఉండవచ్చు. ఆ భాగం మన్నులో ఉంది. తవ్వలేదు."

సిరా ఆరాక కట్ట చుట్టి, దారం కట్టాడు.