అత్తమ్మ పాటకు కొత్త ప్లేయర్

ఆ ఆదివారం పొద్దున మా కంప్యూటర్ని ఎత్తుకపోయి కేసీ కాలవలో పడేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. పడేసేదాన్నే. కాకపోతే దాని ఎదురుగా మా అత్తమ్మ విశ్వాసమ్మ, పండక్కి కట్టుకునే తెల్లచీర కట్టుకోని, నెత్తిన కొంగేసుకోని, కాలు స్టూలు మీద చాపుకోని కూసోనుండాది.

ఆ పొద్దు మా ఊరి చర్చిలో కోత పండగ. పత్తికొండకు అవతల చిన్న పల్లె మాది. ప్రతి ఇంటోళ్ళూ పండినదాంట్లో తొలి పాలు తెచ్చి ముందర పెడతారు. వేరుశనగ బుడ్డల మూటలు, ఎర్రగడ్డలు, టమేటా గంపలు. అప్పుడు కోత పాట. దాన్ని ఎత్తుకునేది అత్తమ్మే, నేను కాపురానికి రాకముందు నుంచీ. ఆయమ్మ ఒక వరస పాడితే చర్చంతా తిరిగి పాడుతుంది. వానల్లో జారి పడి తుంటి ఎముక విరిగి, ఆపరేషనయినప్పటి నుంచి ఇక్కడ టౌన్లో, కల్లూరులో ఉన్న మా ఇంట్లోనే ఉంటాంది.

"ఫోన్లో పాడు అత్తా, మీ చిన్నోడు మైకు కాడ ఫోను పెడతాడంట" అన్నా.

"పాడతా. నాకు కనపడాల గానీ."

"ఏం కనపడాల?"

"నా చోట ఎవరు కూసున్నారో."

మా చర్చిలో ఆడోళ్ళు ఎడమ పక్క చాపల మీద కూసుంటారు. ఎవరి చోటు వాళ్ళదే. అత్తమ్మది ముందు వరసలో, స్తంభం కాడ. పక్కనే రూతమ్మ. ఆ రూతమ్మకు ఈయమ్మ చోటు మీదా, పాట మీదా ఎప్పటినుంచో కన్నుందని అత్తమ్మ అనుమానం. "మనిషి లేచి పోతే చాప ఊరికే ఉంటాదామ్మే" అని నవ్వుతాది గానీ, ఆ దిగులుతోనే సరిగ్గా తినడం లేదని, నడవమని డాక్టరు ఇప్పించిన వాకర్ను ముట్టడం లేదని నాకు తెలుసు.

సరే, చూపిద్దాం, అదెంత పని అనుకున్నా. నా ఖర్మ! చర్చిలో కెమెరా చూసుకునేది మా మరిది శామ్. అందరూ చూసే ఛానల్‌ను ఎవరిదో పాట వాడుకున్నారనే గొడవలో మూసేసినారంట, ఇప్పుడు లైవు చూపించేది ఇంకేదో చవక సర్వీసు. వాట్సాప్‌లో మూరెడు పొడుగు లింకు పంపినాడు. దాన్ని కంప్యూటర్‌తో వచ్చిన ప్లేయర్‌లో పెడితే, తెరవడానికి కుదరదు అనింది. మళ్ళా పెట్టినా. మళ్ళా కుదరదు అనింది.

"వదినా, వేరే ప్లేయర్ దించుకో, ఫ్రీగానే దొరుకుతాయి" అన్నాడు శామ్.

దొరుకుతాయి, ఎందుకు దొరకవు! ఆ పేజీ నిండా 'డౌన్‌లోడ్' బటన్లే. ఒకటి నొక్కితే పేకాట వచ్చింది. పండగ పూట, అత్తమ్మ ముందర! ఇంకోటి నొక్కితే నీ కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని కూతలు. ఎట్లో ఒక ప్లేయర్ దిగింది. దాంట్లో బొమ్మ వస్తే మాట రాదు. ఇంకోటి దించితే, ముందు నీ పేరు, నీ మెయిలు చెప్పు అంటాది. ఏం, సంబంధం చూస్తాండావా నాకు? అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయనకు ఫోన్ చేస్తే డోన్‌లో లారీ లోడు కాడ ఉండా, తర్వాత మాట్లాడతా అని పెట్టేసినాడు.

"ఏమ్మే, వచ్చిందా?" అంటాంది అత్తమ్మ.

"వస్తాంది, నీ దేవునికే చెప్పుకో!" అని కసిరినా. పాపం, నిజంగానే కండ్లు మూసుకుంది.

చివరికి ఒకటి సరిగ్గా దొరికింది. లింకు పెడితే బొమ్మా వచ్చింది, మాటా వచ్చింది. కానీ మా పాస్టరు సుందరం అయ్యగారు నోరు తెరిస్తే తెరిచినట్టే నిలబడిపోతాండాడు. శామ్‌ను అడిగితే "సెట్టింగుల్లో బఫర్ అని ఉంటాది వదినా, కొంచెం పెంచు" అన్నాడు. కొంచెమంట! వెయ్యి అని ఉన్న చోట ముప్పై వేలు పెట్టినా. చావనీ. దాంతో బొమ్మ నూనె పోసినట్టు నడిచింది. గెలిచినా అనుకున్నా.

సౌండు పెద్దగా పెట్టి, ఫోన్‌ను మైకు మాదిరి అత్తమ్మ నోటి కాడ పట్టుకున్నా. తెర మీద అయ్యగారు పంట కోసరం ప్రార్థన చేస్తాండాడు. కెమెరా ఆయన మీదనే ఉండాది. ఆడోళ్ళు కనపడలేదు.

ఫోన్‌లో శామ్ అరుపు. "వదినా, పాడమను!"

"అత్తా, పాడు."

అత్తమ్మ నన్ను పురుగును చూసినట్టు చూసింది. "అయ్యగారు ప్రార్థనలో ఉండాడు. నడమ పాటెత్తమంటావా? బుద్ధుందా నీకు?"

"వదినా, అందరూ కాచుకోనుండారు! అమ్మకు చేతకాకపోతే చెప్పు, రూతమ్మత్తను ఎత్తుకోమంటాం."

"అత్తా, నీ కాళ్ళు మొక్కుతా, పాడు!"

"ఆమెన్ అననీ."

అప్పుడు వెలిగింది నాకు. నేను పెట్టిన ఆ ముప్పై వేలు! వెయ్యంటే ఒక సెకను, ముప్పై వేలంటే అర నిమిషం; బొమ్మ మాకు అంత ఆలస్యంగా వస్తాంది. చర్చిలో ప్రార్థన ఎప్పుడో అయిపోయింది, మాకింకా జరుగుతాంది. చెబితే వింటాదా ఈయమ్మ? కండ్ల ముందర అయ్యగారు కండ్లు మూసుకోనుంటే నా మాట ఎందుకు నమ్ముతాది? కంప్యూటర్ నోరు మూసి, ఫోన్ స్పీకర్ పెట్టి "అయ్యగారూ, మీరే చెప్పండి!" అని గట్టిగా అరిచినా.

"విశ్వాసమ్మా, ఆమెన్ అయిపోయిందమ్మా. నీ పాట కోసరమే కూసోనుండాం" అన్నాడు ఫోన్‌లో అయ్యగారు.

అత్తమ్మ బిత్తరపోయింది. తెర దిక్కు చూసింది, ఫోన్ దిక్కు చూసింది, గట్టిగా కండ్లు మూసుకోని పాటెత్తింది. మొదటి వరసకు గొంతు వణికింది. చర్చంతా తిరిగి పాడేసరికి సర్దుకుంది. ఆ చిన్న ఫోన్‌లోంచి అంతమంది గొంతులు వస్తాంటే దాన్ని రెండు చేతులా పట్టుకున్నా.

పాట అయిపోయి కండ్లు తెరిచేసరికి, తెర మీద ఇంకా పాడతానే ఉండారు. ఉరికి సౌండు పెంచినా. అత్తమ్మ గొంతే, వాళ్ళ మైకులోంచి. శామ్ అప్పుడు కెమెరాను మెల్లిగా ఆడోళ్ళ పక్కకు తిప్పినాడు. ముందు వరస. స్తంభం. దాని కాడ మనిషి పట్టేంత చాప, ఖాళీగా. మిగతా ఆడోళ్ళు ఇరుకిరుకుగా కూసున్నారు గానీ, ఆ చోట ఎవరూ లేరు. ఒక చిన్నపిల్ల పాక్కుంటా దాని మీదికి పోతే, పాడుతున్న రూతమ్మే చెయ్యి చాపి ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

కెమెరా టమేటా గంపల మీదికి పోయింది.

"జెస్సీ, ఇంకోసారి చూపీ" అనింది అత్తమ్మ, కొంగుతో కండ్లు తుడుచుకుంటా.

యాడ చూపిస్తా? అన్ని బటన్లూ నొక్కినా. వెనక్కి పోదు. ఇంత ఏడిపించి, కావాల్సింది ఒక్కసారి చూపించి పోయింది ముండ ప్లేయర్. ఏడుపొచ్చింది నాకు. "పొయ్యిందత్తా. మళ్ళా రాదు."

"పోతే పోనీలేమ్మే" అనింది అత్తమ్మ. "చోటు ఉండాది కదా."

అని, స్టూలు మీద నుంచి కాలు దించి, వాకర్ ఇటు తెమ్మనింది.