కొలతకు పెట్టిన చెయ్యి

పొయ్యి మీద పాలు, గట్టు మీద లాప్‌టాప్. రెండింటి మీదా కన్నేసి నిలబడ్డాను. ముందు గదిలో మా ఆయన ఆన్‌లైన్ క్లాసు చెబుతున్నారు. ఆయన "తరువాతి ఫోటో" అనగానే వంటగదిలో నేను మీట నొక్కాలి. తెర మీద కొండచరియ కదులుతుంది. కొండలెక్కలేని పిల్లలు, ఇల్లు కదలనివ్వని పిల్లలు, కూర్చున్నచోటి నుంచే శిలల మధ్య తిరుగుతారు.

తెర మీది ఈ పర్యటనను తయారుచేసింది నేను. "వారం పాటు వంటెవరు చేస్తారు?" అని అత్తయ్య అడిగితే, వారానికి సరిపడా వండి ఫ్రిజ్‌లో సర్ది, బస్సెక్కి కొండవాగుకు వెళ్ళాను. రాతిని ఫోటో తీసేటప్పుడు దాని పక్కన తెలిసిన వస్తువొకటి పెట్టడం మా భూగర్భ శాస్త్రంలో నియమం. లేకపోతే గుప్పెడు రాయీ కొండలాగే కనిపిస్తుంది. అందరూ సుత్తి పెడతారు. మా సుత్తి ఆయన కారు డిక్కీలో ఉండిపోయింది. అందుకని నా చెయ్యే పెట్టాను, కూరల కత్తి గాటు మచ్చతో సహా.

"బాగానే ఉందోయ్," అన్నారాయన మొన్న భోజనాల దగ్గర. "ఆ చెయ్యేమిటి మధ్యలో, వంటమనిషి చెయ్యిలా? కమిటీ చూస్తుంది. చెరిపెయ్."

"కొలత పోతుందండీ."

"నోటితో చెబుతాలే."

ఈ క్లాసు కమిటీకి నచ్చితే, దీన్ని తయారుచేసినవారికి కాలేజీలో ఆన్‌లైన్ విభాగాన్ని అప్పగిస్తారు. తయారుచేసింది తానేనని ఆయన చెప్పుకున్నారు. "ఇంట్లో ఎవరికొస్తే ఏమిటే?" అన్నారు అత్తయ్య. అదే కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పే నేను, ఆధారం లేనిది నమ్మవద్దని బోధించే నేను, ఒక్కొక్క ఫోటోలోనూ నన్ను చెరిపాను. అది ఎంత సులువో చూసి భయం వేసింది. వేళ్ళున్న చోట రాతి రంగు పరుచుకుంది, అక్కడ ఎన్నడూ ఎవరూ లేనట్టు. అసలు ఫోటోలను మాత్రం పారేయలేకపోయాను.

"తరువాతి ఫోటో."

నొక్కాను. మడతలు పడిన రాయి.

"సార్, ఈ మడత ఎంత ఉంటుంది?" ఒక విద్యార్థిని గొంతు.

ఆ వాగును ఎన్నడూ చూడని మనిషి ఒక్క క్షణమైనా తడుముకోలేదు. "చాలా పెద్దదమ్మా. మన కాలేజీ బిల్డింగంత అనుకో. రాసుకోండి."

కీబోర్డుల చప్పుడు వినిపిస్తోంది. పిల్లలు రాసుకుంటున్నారు. పేరు పోతే నేను సర్దుకుంటాను, సర్దుకోవడం నాకు బాగా అలవాటైన పని. ఈ పిల్ల రేపు పరీక్షలో, ఎల్లుండి తాను చెప్పే క్లాసులో, ఈ అబద్ధాన్నే చెబుతుంది. దానికి రాతి రంగు పూసి ఇచ్చింది నేనే.

"అమ్మాయ్, పాలు," అన్నారు గుమ్మంలోంచి అత్తయ్య.

"మీరు కాస్త చూడండి అత్తయ్యా."

అసలు ఫోటో తెరిచాను. తెర మీద కాలేజీ అంత ఉన్న రాయి ఒక్కసారిగా కుదించుకుపోయి నా వేళ్ళ పక్కన ఒదిగింది. ముందు గదిలో మాట ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఆయన అడుగులు వంటగది వైపు వస్తున్నాయి. పాలు పొంగి పొయ్యి చుయ్యిమంది. మైకు తెరిచాను.

"రాసుకున్నది కొట్టేయండి. ఆ మడత జానెడైనా లేదు. పక్కనున్న చెయ్యి నాది."