మీ అమ్మ నోట మీ నాయిన పేరు

ఏమే మేనకోడలా, కొత్త మొగన్ని పేరు వెట్టి పిలుస్తున్నవట, అయినా పలుకుతలేడా? నవ్వకు, మీ నాయిన ముచ్చట ఇను.

నువ్వప్పుడు సంకల పిల్లవు. మీ నాయిన బొల్లారంల డ్యూటీ దిగి వస్తుంటే కాలు జారి, తలకాయ రాయికి తాకి సోయి తప్పిండు. పటాన్‌చెరు దవాఖానల డాక్టర్ "నర్సింలూ, నర్సింలూ" అని గట్టిగ పిలిచిండు. గోరు మీద పెన్నుతోని ఒత్తిండు. మా బావ, అదే మీ నాయిన, చెయ్యి గుంజుకుండు గని కండ్లు తెరువలే.

"పిలిస్తే కండ్లు తెరువాలె. లేకుంటే పట్నం పంపుతం, తలకాయ ఆపరేషన్ చేస్తరు" అన్నడు డాక్టర్.

మీ అమ్మ బావ మీదికి వంగి "ఇగో, జెర సూడున్రి" అన్నది. గంత పరేషాన్ల గూడ నా బుద్ధి ఊకుంటదా?

"గట్లంటే లెక్కకు రాదు అక్కా. పెండ్లామే మొగని పేరు వెట్టి పిలువాల్నట, డాక్టర్ చెప్పిండు" అన్న.

పాపం, మొగని పేరు ఆమె ఎన్నడన్నా పలికిందా? కొంగు నోటికి అడ్డం వెట్టుకొని, ఏడ్సుకుంట "నర్సింలూ!" అన్నది.

బావ కండ్లు తెరిసిండు! డాక్టర్ యాడున్నవంటే దవాఖాన అన్నడు, ఏం నెలంటే అది గూడ చెప్పిండు. ఆపరేషన్ తప్పింది. నా అబద్ధమే బావను లేపిందని ఊరంత చెప్పుకున్న.

ఇంటికొచ్చినంక బావ నన్ను పక్కకు పిలిచిండు.

"ఆమె 'ఇగో' అన్నప్పుడే నాకు సోయొచ్చింది బామ్మర్దీ. కండ్లు తెరుద్దామనుకునే లోపల నీ అబద్ధం ఇనవడ్డది. ఆమె నోట నా పేరెట్లుంటదో ఇందామని గట్లనే పన్న."