అవతలి జట్టు కుర్చీ

మా బావమరిది పాదం మంచిది కాదని లోకానికి చాటినవాణ్ణి నేనే. నా భార్యకు స్వయానా తమ్ముడు వాడు. సోఫాలు కట్టే దుకాణంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, వేళ్ళు వంగడం మానేశాక నేనూ పని మానేశాను. నా సుత్తి వాడి చేతికొచ్చింది. వాడు చేరిన మొదటి రోజే దుకాణం షట్టరు సగంలో ఇరుక్కుంది. ఆ షట్టరు పదేళ్ళుగా అలాగే ఇరుక్కుంటోందని నేనెవరికీ గుర్తు చేయలేదు. పైగా నాలుగు కలిపాను. మావాడు పలకరించడానికి వెళ్తే, లేచి కూర్చుని పాలు తాగుతున్న రోగి గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ పడుకున్నాడన్నాను. మావాడు చెయ్యెత్తి ఆపిన బస్సు మూడు రోజులదాకా అక్కణ్ణించి కదల్లేదన్నాను. బావమరిదిని ఆటపట్టించకపోతే బావ అయ్యి ఏం లాభం? అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఐరన్‌లెగ్గు అన్న పేరు స్థిరపడిపోయింది.

మధ్యలో ఫుట్‌బాల్ రాకపోతే అది నవ్వులాటగానే ఉండేది.

మన దేశం జట్టు ఆడే రోజున దుకాణంలో సుత్తులు ఆగుతాయి. గోడమీద టీవీ ఉంది. కూర్చోవడానికి సోఫాలకు కొదవ లేదు. బట్వాడాకు సిద్ధమైన పొడుగు సోఫాలో, ప్లాస్టిక్ కవరు తీయకుండా, అందరం వరసగా కూర్చుంటాం. నాకు పని లేకపోయినా ఒక మూల చోటుంది. అలా కూర్చుని చూసిన రెండు మ్యాచుల్లో మనవాళ్ళు వరసగా ఓడారు. దుకాణం మేస్త్రి లెక్కలు వేశాడు. రెండుసార్లూ మావాడు సోఫా మధ్యలో కూర్చున్నాడు.

"వీణ్ణి అవతలి జట్టుకు ఇచ్చేద్దాం. వాళ్ళ ఖర్మ వాళ్ళు పడతారు," అన్నాడు మేస్త్రి.

అప్పటినుంచి మ్యాచ్ రోజున వాడికి వేరే కుర్చీ. టీవీకి పక్కగా, గోడవారన, స్ప్రింగులు ఇంకా కట్టని ఒంటి కుర్చీ. అవతలి జట్టు చొక్కా ఏ రంగైతే ఆ రంగు ముక్కల్లోంచి మిషనక్క ఒక పేలిక కత్తిరించి వాడి మెడకు చుట్టేది. కవర్లు కుట్టే మనిషి కాబట్టి ఏ రంగు ముక్కైనా ఆమె దగ్గర దొరికేది. వాడి పని ఒక్కటే, అవతలివాళ్ళు గెలవాలని గొంతు చించుకుని అరవడం. మనవాళ్ళు గెలిస్తే ఘనత వాడి పాదానిది. ఓడితే, "మనసు పెట్టి అరవలేదురా నువ్వు," అని సోఫా చట్రాలు చేసే వడ్రంగి వాడి మీద పడేవాడు.

తిట్లు పడలేక వాడు మనసు పెట్టడం నేర్చుకున్నాడు. రేపు ఎవరితో ఆట ఉంటే ఆ దేశపు ఆటగాళ్ళ గురించి పేపర్లో వెతికి చదివేవాడు. ఎవడి మోకాలికి దెబ్బ తగిలింది, ఎవడు తల్లి పోయిన మర్నాడే ఆడాడు, అన్నీ వాడికి తెలుసు. నాలుగేళ్ళు అలా గడిచాయి. పేలికలు పద్నాలుగయ్యాయి.

అంతలో పెద్ద మ్యాచ్ వచ్చింది. గెలిస్తే మన దేశం మొట్టమొదటిసారి ప్రపంచ కప్పుకు వెళ్తుంది. అవతలివి పసుపు చొక్కాలు. ముందురోజు మావాడు సోఫాకు కొట్టడానికి పెదాల మధ్య పెట్టుకున్న చిన్న మేకులు అరచేతిలోకి తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, రేపొక్కరోజు మీ పక్కన కూర్చుంటాను."

"ప్రపంచ కప్పుకి వెళ్ళాక కూర్చుందువుగానిలే."

"ఒక్కరోజుకి ఏమవుతుందన్నా?"

"ఏమవుతుందో మీ బావనడుగు. బస్సు సంగతి చెప్తాడు."

బస్సు సంగతి అబద్ధమని నేను అప్పుడే చెప్పి ఉండొచ్చు. కానీ మంచి అబద్ధాన్ని నలుగురిలో చంపుకోవడానికి ప్రాణం ఒప్పుకోదు. తల గోక్కుంటూ కూర్చున్నాను. వాడు మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకుని పనిలో పడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆట మొదలైంది. మావాడు పసుపు పేలికతో తన కుర్చీలో కూర్చుని నిజాయితీగా అరిచాడు. బంతి వాళ్ళ కాళ్ళకు చిక్కినప్పుడల్లా "పోనీ, ముందుకు పోనీ" అని గోడలదిరేలా అరిచాడు. ఎనభై నిమిషాలైనా గోలు లేదు. వడ్రంగి గోళ్ళు కొరికి, అవి అయిపోయాక సోఫా అంచు మీద పడ్డాడు. మిషనక్క కళ్ళు మూసుకుని, "ఏమైందో ఎవరన్నా చెప్పండిరా," అంటూ కూర్చుంది.

ఇంకో మూడు నిమిషాలున్నాయనగా వాళ్ళకు కార్నర్ కిక్ దొరికింది. వాళ్ళ జట్టులో మూడో నంబరు చొక్కావాడు, ముప్ఫై ఆరేళ్ళ మనిషి, అంతవరకూ తన గోలు కాపాడుకోవడమే తప్ప ఇంకో పని చేయనివాడు, ఎక్కణ్ణించి వచ్చాడో వచ్చి గాల్లోకి లేచి తలతో కొట్టాడు. బంతి వలలో పడింది.

నేను కూర్చున్న మూలనుంచి మావాడి మొహం నాకొక్కడికే సూటిగా కనబడుతుంది. వాడు అరవలేదు. ఎనభై ఏడు నిమిషాలు అరిచినవాడు గోలు పడ్డప్పుడు అరవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళతో, మనవణ్ణి మొదటిసారి ఎత్తుకున్నవాడిలా నవ్వుతున్నాడు. క్షణమే. ఆ తర్వాత తల వంచుకున్నాడు.

ఆట అయిపోయింది. మనవాళ్ళు ఓడారు. వడ్రంగి లేచి టీవీ కట్టేశాడు. మేస్త్రిని వేరే చిక్కు పీడిస్తోంది. ఐరన్‌లెగ్గు అంత మనసు పెట్టి అవతలివాళ్ళ వైపు అరిస్తే అవతలివాళ్ళు ఎలా గెలిచారు?

చివరికి వడ్రంగి దారి కనిపెట్టాడు. "గోలు పడ్డప్పుడు వీడు అరిచాడా? లేదు. నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదు? లోపల్లోపల మనవాళ్ళు గెలవాలని మొక్కుకున్నాడు. అందుకే కొంప మునిగింది."

"నిజమేనట్రా?" అన్నాడు మేస్త్రి.

మావాడు గబగబా నాలుగు మేకులు తీసి నోట్లో వేసుకున్నాడు.

"అవి ఉమ్మి చెప్పు."

ఉమ్మాడు. అందరూ వాడివంకే చూస్తున్నారు. లేదు, వాళ్ళే గెలవాలని మనసారా కోరుకున్నాను అంటే చాలు, ఐరన్‌లెగ్గు అన్నది ఉత్తదని తేలిపోతుంది. నాలుగేళ్ళ పేరు ఆ గడియలో ఊడిపోతుంది. వాడికీ తెలుసు. వాడు ఒకసారి నావైపు చూశాడు.

"అవునన్నా," అన్నాడు. "మనసు ఆగలేదు."

ఇక చూడాలి తిట్లు. "ఆ మొక్కు రేపటికి దాచుకోలేకపోయావా?" అని వడ్రంగి వాడి రెక్క పట్టుకుని లాక్కొచ్చి, చోటు లేని పొడుగు సోఫాలో ఇరికించి మరీ తిట్టాడు. "దేశం మొత్తాన్ని ముంచావు కదరా" అంటూ మేస్త్రి వాడి భుజం మీద చెయ్యేసి ఆ చెయ్యి తీయడం మరిచిపోయాడు. "ఎంతైనా మనవాడే కదా, పాపం, కడుపులో ఎలా దాచుకుంటాడు," అని మిషనక్క వాడి మెడలోని పేలిక విప్పి, దాంతోనే తన కళ్ళు తుడుచుకుంది. టీ గ్లాసు మొదట వాడికే ఇచ్చారు. అరగంట సేపు ఇటునుంచి ఒకరూ అటునుంచి ఒకరూ తిడుతుంటే మావాడు మధ్యలో కూర్చుని, చలికి దుప్పటి దొరికినవాడిలా, ఊఁ కొడుతూ తిట్లు తిన్నాడు.

ఇంటికి కలిసే నడిచాం. మలుపు దాటాక అన్నాను, "ఒరేయ్, నీ మొహం నేను చూశాను."

"చూశావని తెలుసు బావా."

"నిజం చెప్తే ఐరన్‌లెగ్గు పీడ వదిలేది కదరా."

"అది మోయగలను. అలవాటైంది." నాలుగడుగులు నడిచాక అన్నాడు, "నిజం చెప్తే ఇంకో పేరు పెట్టేవాళ్ళు. అది మోయలేను."

"నేను బస్సు సంగతి చెప్పకుండా ఉండాల్సింది."

"బస్సు బాగుంది బావా. రోగి సంగతే కాస్త ఎక్కువైంది."

ఉన్నట్టుండి ఆగి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆ మూడో నంబరు ఎంత పైకి లేచాడో చూశావా? పక్కనున్నవాడి భుజం వాడి నడుందాకా రాలేదు." అని భోజనం డబ్బా కిందపెట్టి, యాభై దాటిన మనిషి, వీధి మధ్యలో ఎగిరి తలతో గాలిని కొట్టి చూపించాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. దుకాణం వాళ్ళెవరూ ఆ దారిన రావడం లేదు.

"సరిగ్గా కనబడలేదురా," అన్నాను. "ఇంకోసారి."