శ్రీలలిత బుగ్గల మీద చాళ్లు

మా మనవరాలు శ్రీలలితకు ఇంటర్ చదివే రోజుల్లో వచ్చిన మొటిమలు ఎప్పుడో తగ్గిపోయాయి కానీ, బుగ్గల మీద గుంటలు మాత్రం వదల్లేదు. నా కంటికి ఆ పిల్ల ఎప్పుడూ చక్కనిదే. నా కళ్లతో తను అద్దం చూసుకోలేదు కదా!

బందరులో మా ఇంట్లోనే ఉండి, ఇక్కడి ప్రైవేటు స్కూల్లో ఏడాదిగా లెక్కలు చెబుతోంది. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. బుధవారం కమిటీ వాళ్ల ముందు డెమో క్లాసు చెప్పి మెప్పిస్తే ఖాయం చేస్తామన్నారు.

శనివారం పనుందని గుడివాడ వెళ్లింది. సాయంత్రం ముఖానికి చున్నీ చుట్టుకుని బస్సు దిగి, "తలనొప్పి బామ్మా, పడుకుంటాను" అని తలుపేసుకుంది. ఆదివారం పొద్దున్నే కాఫీ పట్టుకుని వెళ్లి చూద్దును కదా, ముఖమంతా కందిపోయి ఎర్రెర్రటి చుక్కలు!

మా తమ్ముడికి ఆరేళ్లప్పుడు, కాలవకు నీళ్లు ఆలస్యంగా వదిలిన ఏడు అది, ఇలాగే ఆటలమ్మ పోసింది. ఆ పేరు పైకి అనకూడదు, అమ్మ వచ్చిందనాలి. అప్పుడు మా అమ్మ ఏమేం చేసిందో ఒక్కటీ మరిచిపోలేదు నేను. పిల్లను లేపి అడగనైనా అడగకుండా గుమ్మానికి వేపరొట్ట కట్టాను. పప్పుకు తాలింపు మానేశాను. చలిమిడికి బియ్యం నానబోశాను.

పక్కింటి మాణిక్యమ్మ పాలగిన్నె తిరిగివ్వడానికి వచ్చి, వేపరొట్ట చూసి గడప అవతలే ఆగిపోయింది.

"ఎవరికి పిన్నిగారూ?"

"మా లలితకేనమ్మా. అమ్మ వచ్చింది."

"అయ్యయ్యో! మీరేం కంగారు పడకండి, హెడ్మాస్టరు గారికి మావాడు ఫోన్లో చెప్తాళ్లెండి."

ఆవిడ కొడుకు శ్యాంబాబు ఆ స్కూల్లోనే గుమాస్తా. సాయం చేద్దామనే చెప్పాడు, పాపం. తొమ్మిది కాకముందే హెడ్మాస్టరు గోవర్ధనరావు గారు ఫోను చేశారు. రెండు వారాలు బడి వైపు రావద్దని, పిల్లలకు అంటుకుంటుందని, బుధవారం డెమో ఇంకొకరి చేత చెప్పిస్తామని చెప్పి పెట్టేశారు.

శ్రీలలిత బయటికొచ్చి గుమ్మం వంక చూసింది, తర్వాత నా వంక చూసింది.

"ఏం చేశావు బామ్మా! ఇది అమ్మవారు కాదు. మైక్రోనీడ్లింగ్! గుడివాడలో డాక్టరమ్మ చేశారు. సన్న సూదులున్న రోలరు మొహం మీద దొర్లిస్తారు. అక్కడ కొత్త చర్మం పుట్టి గుంటలు నెమ్మదిగా పూడతాయి. ఎరుపు రెండ్రోజుల్లో పోతుందన్నారు."

"సూదులా! నొప్పెయ్యలేదూ?"

"ముందు తిమ్మిరెక్కే మందు పూశారు. అప్పుడు తెలీలేదు."

"మరి నాకొక ముక్క చెప్పొచ్చుగా?"

"నీకు చెప్తే ఊరంతా చెప్తావని!"

తను చెప్పకపోయినా నేను ఊరికి చెప్పేశానుగా.

పిల్ల తిరిగి ఫోను చేస్తే హెడ్మాస్టరు గారు నమ్మలేదు. "అంత పెద్దావిడ చూసి వేపరొట్ట కట్టారంటే తెలియక కడతారా అమ్మా?" అన్నారట. నా పెద్దరికమే దాని కొంప ముంచింది. పిల్ల ఏడవబోయి, కన్నీళ్లకు చెంపలు మండుతాయని ఆపుకుంది. దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, అప్పుడు చూశాను సరిగ్గా. ముందే చూడవలసింది.

ఎండ పూర్తిగా వాలాక ఇద్దరం ఆటో ఎక్కి ఆయన ఇంటికే వెళ్లాం. ఆయనకు దివిసీమలో సొంత పొలం ఉంది. ఆదివారం ఆదివారం వెళ్లి చూసుకు వస్తారు. అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. మమ్మల్ని చూసి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"అక్కడే ఆగండమ్మా, అక్కడే!"

"ఆగుతాం బాబూ. నేను చదివింది మూడో తరగతి, మీరు రైతులు. ఈ పిల్ల మొహం ఒక్కసారి చూసి చెప్పండి. అమ్మవారైతే విత్తనం వెదజల్లినట్టు ఉంటుంది, ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా. మా తమ్ముడికి అలాగే వచ్చింది. ఇది అలా ఉందా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక అడుగు వేశారు, ఇంకో అడుగు వేశారు. తువ్వాలు భుజం మీదికి జారింది.

"చాళ్లు! నిలువు చాళ్లు, అడ్డ చాళ్లు! మా చేలో డ్రమ్ సీడరు లాగినట్టుందేమిటండీ ఇది!"

డ్రమ్ సీడరంటే గింజలు పోసి చేలో లాగితే వరుసల్లో రాల్చుకుంటూ పోయే డబ్బా. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. శ్రీలలిత మాత్రం నవ్వలేదు.

"మచ్చల కోసం చేయించుకున్నానండీ," అంది తల వంచుకుని. "బోర్డు వైపు తిరిగి ఎంతసేపైనా చెప్పగలను సార్. పిల్లల వైపు తిరగాలంటేనే ఏదోలా ఉంటుంది."

ఆయన కళ్లజోడు తీసేశారు. "పాఠం ఎప్పుడూ బోర్డుకే చెబుతోంది ఈ అమ్మాయి అని కమిటీ వాళ్లు నాతో అన్నారమ్మా. కారణం ఇదని నాకేం తెలుసు? డాక్టరమ్మ చేత ఒక చీటీ రాయించి పంపు. బుధవారం పదింటికి, ఎనిమిదో తరగతి. నువ్వే చెప్పాలి."

బుధవారం నాటికి ఎరుపు తగ్గి, ముక్కు పక్కన కాస్త పొట్టు లేస్తోంది. గుంటలేమీ పూడలేదు, అప్పుడే ఎలా పూడతాయి? క్లాసులో మొదటి బెంచీ పిల్ల లేచి, కమిటీ వాళ్లందరూ వింటుండగా, "టీచర్, మీకు అమ్మవారు తగ్గిందా?" అని అడిగేసిందట.

"అది అమ్మవారు కాదమ్మా, మొటిమల మచ్చలకు సూదుల వైద్యం. ఇంకా మూడుసార్లు వెళ్లాలి. ఒక్కో దఫాకూ నెల ఎడం ఉంటే ఎప్పటికి పూర్తవుతుందో చెప్పండి చూద్దాం," అని బోర్డుకు వీపు పెట్టి, పిల్లల ముఖాల్లోకి చూస్తూ లెక్క మొదలుపెట్టిందట మా శ్రీలలిత.